ఫ్లైట్ సిమ్‌లో (కంప్యూటర్ మీద విమానం నడిపే ఆటలో) మొదటి జెట్ ఏది? ఎ320తోనా, 737తోనా, ఇంకేదైనా ఉందా?

#1 కొత్తరెక్క
అందరికీ నమస్కారం. సెస్నా 172 (చిన్న ప్రొపెల్లర్ విమానం) మీద సర్క్యూట్లు (లేచి ఒక చుట్టు తిరిగి దిగడం), చేత్తో ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలు పట్టుకుని రన్‌వేకి దిగే పద్ధతి) వరకు వచ్చు. ఇక ఒక ఎయిర్‌లైనర్ పట్టుకుని పద్ధతిగా నేర్చుకుందామని ఉంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (ఎంఎస్‌ఎఫ్‌ఎస్) 2020 వాడుతున్నాను. మెలితిప్పే జాయ్‌స్టిక్ ఒకటి, దాని మీదే చిన్న థ్రాటిల్ స్లైడర్. పెడల్స్ లేవు. 777 మీదకి మనసు లాగుతోంది కానీ కొనేముందు ఉచితంగా దొరికేది ఏదైనా ఉందా? త్వరగా చేతికొచ్చేది ఏది?

#2 మూడు_డిగ్రీలు
ఫ్లైబైవైర్ బృందం ఇచ్చే ఎ320నియో పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. ఇన్‌స్టాలర్ దించుకుని నొక్కితే చాలు, అప్‌డేట్లు కూడా అందులోంచే వస్తాయి.

మీ దగ్గర ఉన్నది ఒకే జాయ్‌స్టిక్ కాబట్టే ఈ మాట చెబుతున్నాను. అసలు విమానంలోనూ ఉండేది సైడ్‌స్టిక్కే. ముక్కు 5 డిగ్రీలు పైకెత్తి స్టిక్ వదిలేస్తే అక్కడే నిలబడుతుంది, ట్రిమ్ (ముక్కుని ఒకచోట నిలబెట్టే సర్దుబాటు) అదే వేసుకుంటుంది. 33 డిగ్రీల లోపు ఎంత వాల్చి వదిలితే అంతలోనే ఉంటుంది. థ్రస్ట్ (ఇంజిన్ తోపు) పెంచినా తగ్గించినా ముక్కు లేవకుండా, పడకుండా కంప్యూటరే సర్దుతుంది. సెస్నా నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడే తడబడతారు. స్టిక్‌ని వెనక్కి పట్టుకునే ఉంచుతారు, అది ఎక్కుతూనే పోతుంది, కంగారుపడి ముందుకి తోస్తారు, విమానం ఊయల ఊగుతుంది. కొంచెం కదిపి, వదిలి, ఏమైందో చూసి, మళ్ళీ కదపాలి. ఈ ఒక్క అలవాటు మారడానికి రెండు మూడు ఫ్లైట్లు పడుతుంది.

ఇంకోటి, ఇంజిన్ స్టార్ట్. మోడ్ సెలెక్టర్ స్టార్ట్‌కి తిప్పి, మాస్టర్ స్విచ్ పైకి అంటే అయిపోయింది. ఇంధనం ఎప్పుడు వదలాలి, ఇగ్నిషన్ ఎప్పుడు ఆపాలి అన్నది ఫాడెక్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చూసుకుంటుంది.

#3 ట్రిమ్‌చక్రం
మూడు_డిగ్రీలు గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, కానీ నా ఓటు 737-800కే. ఎయిర్‌బస్‌లో అన్నీ అదే చేసేస్తుంటే జెట్ ఎలా ప్రవర్తిస్తుందో మనకెప్పుడు తెలియాలి? 737లో ఇంజిన్లు రెక్క కింద వేలాడుతుంటాయి కాబట్టి థ్రస్ట్ పెంచగానే ముక్కు లేస్తుంది, తగ్గించగానే వాలుతుంది. ఫ్లాప్ (రెక్క అంచున దించే పలక) దించిన ప్రతిసారీ, వేగం మారిన ప్రతిసారీ ట్రిమ్ చెయ్యాలి. మీకు సెస్నాలో ఆ అలవాటు ఉంది కదా, దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి? పైగా ఆటోథ్రాటిల్ (వేగాన్ని తానే కాసే వ్యవస్థ) పనిచేస్తుంటే లీవర్లు కళ్ళముందే కదులుతాయి. ఎయిర్‌బస్‌లో లీవర్లు ఒకచోట కూర్చుని ఉంటాయి, ఇంజిన్ ఏం చేస్తోందో తెరమీద చదువుకోవాలి.

#4 నాబ్‌తిప్పు
ఎక్స్-ప్లేన్ 12 (ఇంకో సిమ్) వాడేవాళ్ళెవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే: మీకు జీబో 737-800 ఉచితం, డబ్బు పెట్టి కొన్నవాటికి ఏమాత్రం తీసిపోదు. ఎయిర్‌బస్ కావాలంటే టోలిస్ వాళ్ళది ఉంది, అది కొనుక్కోవాలి. కానీ కొత్తరెక్క గారు ఉన్నది ఎంఎస్‌ఎఫ్‌ఎస్‌లో. అక్కడ లోతైన 737 అంటే పీఎండీజీ వాళ్ళది, అది ఉచితం కాదు. కాబట్టి సగం వాదన అక్కడే తేలిపోయింది.

#5 పుష్‌బ్యాక్
ట్రిమ్‌చక్రం అన్నా, ట్రిమ్ సంగతి సరే, 737 ఓవర్‌హెడ్ ప్యానెల్ (నెత్తిమీది స్విచ్‌ల పలక) మాటేమిటి? ఆ విమానం మొదటిసారి ఎగిరింది 1967లో. ఆనాటి పద్ధతులు పైన ప్యానెల్‌లో ఇంకా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు తప్పు చేసేచోట్లు చూడండి:

స్టార్ట్‌కి ముందు ప్యాక్‌లు (ఏసీ యూనిట్లు) చేత్తో ఆపాలి. మర్చిపోతే ఏపీయూ (తోకలోని చిన్న సహాయక ఇంజిన్) గాలి అంతా ఏసీకే పోయి డక్ట్ ప్రెషర్ పడిపోతుంది, ఎన్2 (ఇంజిన్ లోపలి భాగం తిరిగే వేగం) నత్తనడక నడుస్తుంది. ఎన్2 25 శాతం చేరాక ఇంధనం లీవర్ ఎత్తాలి. తొందరపడి ముందే ఎత్తితే ఈజీటీ (ఇంజిన్ వదిలే వాయువుల వేడి) ఎగబాకి హాట్ స్టార్ట్ అవుతుంది. రెండు ఇంజిన్లూ లేచాక జనరేటర్లని కూడా మనమే బస్‌కి (కరెంటు లైనుకి) కలపాలి. అది మర్చిపోయి ఏపీయూ ఆపారంటే తెరలు చాలావరకు నల్లబడతాయి. ఈ తప్పు చెయ్యని కొత్తవాడు లేడు. తర్వాత ప్రోబ్ హీట్ (వేగం కొలిచే గొట్టాలని వేడిచేసేది), మధ్య ట్యాంకు పంపులు, ప్రెషరైజేషన్‌కి (క్యాబిన్‌లో గాలి ఒత్తిడికి) క్రూయిజ్ ఎత్తు, దిగే విమానాశ్రయం ఎత్తు... ఇవన్నీ చేత్తోనే.

ఎ320లో స్టార్ట్ అప్పుడు ప్యాక్‌లు వాటంతటవే మూసుకుంటాయి, జనరేటర్లు వాటంతటవే కలుస్తాయి, ప్రెషరైజేషన్ ఫ్లైట్ ప్లాన్‌లోంచి తీసుకుంటుంది. తెల్ల లైటు వెలుగుతుంటే స్విచ్ మామూలు స్థితిలో లేదని అర్థం. లైట్లన్నీ ఆరిపోయి ఉంటే ప్యానెల్ సిద్ధం. కొత్తవాడికి ఇంతకన్నా సుఖం ఏముంది?

#6 ట్రిమ్‌చక్రం
ఓవర్‌హెడ్ విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా 😄 అయితే రెండో విమానంగా 737 తప్పకుండా ఎగరండి.

#7 కొత్తరెక్క
బాగా అర్థమైంది. అయితే 777 వద్దంటారా? సీఆర్‌జే ప్రాంతీయ జెట్, చిన్నది కదా, అది సులువేమో అనుకున్నాను. సిమ్‌తోపాటు ఉచితంగా వచ్చిన ఎ310 కూడా ఉంది.

#8 మూడు_డిగ్రీలు
చిన్న విమానం అంటే సులువైనదని లెక్క కాదండీ. సీఆర్‌జేలో ఆటోథ్రాటిల్ లేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, లెవెల్ అయ్యేటప్పుడు వేగం మీరే కాసుకోవాలి. వీనావ్ (ఎక్కే, దిగే దారి లెక్కకట్టే వ్యవస్థ) దారి చూపిస్తుందే తప్ప ఆటోపైలట్‌ని ఆ దారిలో దింపదు. ఏటీఆర్ కూడా అంతే, ఆటోథ్రాటిల్ ఉండదు, దానికితోడు ప్రొపెల్లర్ లెక్క ఒకటి. రెండూ మంచి విమానాలే, మొదటివి మాత్రం కావు.

ఎ310 పేరుకి ఎయిర్‌బస్సే కానీ ఎ320కి దాయాది అనుకోకండి. యోక్ (స్టీరింగ్‌లాంటి పట్టు) ఉంటుంది, ట్రిమ్ ఉంటుంది, ఎ320లో నేర్చుకున్న ఎఫ్‌సీయూ (ఆటోపైలట్ నాబ్‌ల పలక) అలవాట్లు అక్కడ సగమే పనికొస్తాయి. ఉచితంగా వచ్చింది కదా అని దాంతో మొదలుపెట్టొద్దు.

777 కాక్‌పిట్ నిజానికి 737 కంటే సులువు. ఇబ్బంది వేరే. 777-300ఈఆర్ పొడవు 73.9 మీటర్లు, ఎ320 37.57. టాక్సీలో మలుపు తిరగాలంటే ముక్కు చక్రం సెంటర్‌లైన్ దాటి చాలా దూరం పోయేదాకా ఆగాలి, లేకపోతే వెనక చక్రాలు గడ్డిలోకి దిగుతాయి. అంతకంటే ముఖ్యం: పది గంటల ఫ్లైట్‌కి ఒక్కటే ల్యాండింగ్. ఎ320లో 40 నిమిషాల రూట్లు తిప్పితే అదే పది గంటల్లో పది ల్యాండింగులైనా పడతాయి. నేర్చుకునేది దిగేటప్పుడే కదా. ఫ్లైబైవైర్ వాళ్ళదే ఎ380 కూడా ఉచితంగా దొరుకుతుంది, ఇదే కారణంతో దాని జోలికీ ఇప్పుడే పోవద్దు.

#9 రాత్రి_ల్యాండింగ్
సిమ్‌లో ముందే ఉండే ఇనిబిల్డ్స్ ఎ320నియో వీ2 సంగతి ఎవరూ ఎత్తలేదే? ఏమీ దించుకోనక్కర్లేదు. మొదటి వారం దాంతో గడిపి తర్వాత ఫ్లైబైవైర్‌కి మారినా పోయేదేమీ లేదు, నాబ్‌లూ తెరలూ అవే. ఫెనిక్స్ ఎ320 కొనడం మాత్రం అప్పుడే వద్దు. అది బ్రేకర్లు పీకి లోపాలు పెట్టి చూసుకునేవాళ్ళకి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

#10 పుష్‌బ్యాక్
విమానం తేలింది కాబట్టి అసలు పని. దించుకున్న వెంటనే ఎగరొద్దు, ముందు ఈ మూడు సర్దండి. కొత్తవాళ్ళ ఫిర్యాదుల్లో సగం వీటివల్లే.

మొదటిది సిమ్ సహాయాలు. ఆటో-రడ్డర్, ఆటో-ట్రిమ్‌లాంటివన్నీ ఆపెయ్యండి. విమానానికి సొంత ఆటో-ట్రిమ్ ఉంది. ఇద్దరూ ఒకే చక్రం తిప్పితే ముక్కు పైకీ కిందకీ కొట్టుకుంటుంది.

రెండోది స్టిక్ డెడ్‌జోన్ (మధ్యలో కదలికని లెక్కలోకి తీసుకోని చోటు). 3 నుంచి 5 శాతం పెట్టండి. పాత జాయ్‌స్టిక్‌లు మధ్యలో స్థిరంగా ఉండవు. ఆ వణుకుని విమానం మీ ఆదేశం అనుకుంటుంది.

మూడోది థ్రాటిల్ కాలిబ్రేషన్. దీని దగ్గర కొంచెం ఆగాలి. ఎ320 థ్రస్ట్ లీవర్ మామూలు థ్రాటిల్ కాదు, గాడులున్న మీట అనుకోండి. కింద ఐడిల్, తర్వాత క్లైంబ్, ఆపైన ఫ్లెక్స్ (తగ్గించిన టేకాఫ్ శక్తి), చివర టోగా (పూర్తి శక్తి). మీ స్లైడర్‌కి గాడులు లేవు కాబట్టి ఎక్కడ ఏ గాడి అన్నది సిమ్‌కి మీరే చెప్పాలి. కాక్‌పిట్‌లో ఫ్లైప్యాడ్ (ఫ్లైబైవైర్ విమానంలోని టాబ్లెట్) తెరిచి సెట్టింగ్స్‌లో థ్రాటిల్ కాలిబ్రేషన్‌కి వెళ్ళండి. ఒక్కటే స్లైడర్ కాబట్టి రెండు ఇంజిన్లకీ వేర్వేరు ఆక్సిస్ అన్నది ఆపెయ్యండి. రివర్స్ (దిగాక ఇంజిన్ తోపుని ముందుకి మళ్ళించి వేగం తగ్గించడం) ఆక్సిస్ మీదే అన్న ఐచ్ఛికం కూడా ఆపి, రివర్స్‌కి జాయ్‌స్టిక్ బటన్ ఒకటి కేటాయించండి. స్లైడర్ పూర్తిగా కిందకి లాగి ఐడిల్, పూర్తిగా పైకి తోసి టోగా సెట్ చెయ్యండి. క్లైంబ్‌ని దాదాపు మూడింట రెండు వంతుల దగ్గర, ఫ్లెక్స్‌ని దానికీ చివరకీ మధ్య పెట్టుకోండి. ప్రతి గాడికీ అటూ ఇటూ వెడల్పు ఇవ్వండి. ఇరుకుగా పెడితే స్లైడర్ కాస్త జరిగినా క్లైంబ్ గాడి తప్పిపోతుంది. స్లైడర్ పక్కన చిన్న టేపు ముక్క అంటించి గీత గీసుకుంటే చూడకుండానే తెలుస్తుంది.

#11 నాబ్‌తిప్పు
టేపు ముక్క మాట బాగుంది. ఒకటి కలుపుతాను. ఐడిల్ గాడి వెడల్పు మరీ తక్కువ పెట్టకండి. చాలా స్లైడర్లు పూర్తిగా లాగినా సున్నాకి రావు, ఒకటి రెండు శాతం దగ్గర ఆగిపోతాయి. అప్పుడు ల్యాండింగ్‌లో మీ లెక్కలో లీవరు ఐడిల్‌లో ఉంటుంది, విమానం లెక్కలో ఉండదు.

#12 కొత్తరెక్క
కాలిబ్రేషన్ అయింది. కోల్డ్ అండ్ డార్క్ (అన్నీ ఆపి ఉన్న విమానం) నుంచి మొదలుపెట్టాలా? వీడియోల్లో అందరూ అక్కడినుంచే మొదలుపెడుతున్నారు.

#13 మూడు_డిగ్రీలు
వద్దు. మొదటి వారం రన్‌వే మీదే, ఇంజిన్లు నడుస్తుండగా మొదలుపెట్టండి. స్విచ్‌లు ఏ క్రమంలో నొక్కాలో కాగితం చూసి ఎవరైనా నొక్కగలరు. 30 నిమిషాలు దాంతో గడిపి అలసిపోయాక వచ్చే ల్యాండింగ్ పాడవుతుంది. ఏడీఐఆర్‌ఎస్ (విమానం స్థానం, దిశ చెప్పే వ్యవస్థ) అలైన్ కావడానికే అసలు సమయం పెట్టుకుంటే దాదాపు పది నిమిషాలు.

క్రమం ఇలా: ముందు రన్‌వే నుంచి లేచి, 3000 అడుగుల్లో రాడార్ వెక్టర్‌లా (కంట్రోలర్ దిశలు చెప్పినట్టు) హెడింగ్ (దిశ) మీద ఒక చుట్టు తిరిగి, అదే రన్‌వేకి ఐఎల్‌ఎస్. ఇలా ఐదారుసార్లు. తర్వాత ఎంసీడీయూలో (రూటు ఎక్కించే కీబోర్డు తెరలో) పూర్తి ఫ్లైట్ ప్లాన్. కోల్డ్ అండ్ డార్క్ ఆఖర్న.

ఎఫ్‌సీయూ నాబ్‌ల సూత్రం ఒక్కటే: లోపలికి నొక్కితే విమానం ఇష్టం, బయటికి లాగితే మీ ఇష్టం. హెడింగ్ లాగితే మీరు తిప్పినవైపు పోతుంది, నొక్కితే ఫ్లైట్ ప్లాన్ దారిలో పోతుంది. వేగం, ఎత్తు కూడా అంతే. నాబ్ కదిపాక ప్రతిసారీ కళ్ళు ప్రైమరీ డిస్‌ప్లే పైవరసకి వెళ్ళాలి. నిజంగా ఏ మోడ్ పట్టిందో అక్కడే రాసి ఉంటుంది. నొక్కాను కాబట్టి పట్టి ఉంటుంది అనుకునేవాళ్ళు కొండల్లోకి పోతారు.

#14 రాత్రి_ల్యాండింగ్
ఇంకో మంచి సంగతి, ఎయిర్‌బస్‌లో టాప్ ఆఫ్ డిసెంట్ (దిగడం మొదలుపెట్టాల్సిన చోటు) రాగానే అదే దిగడం మొదలుపెడుతుంది, మనం చూస్తూ కూర్చోవచ్చు.

#15 పుష్‌బ్యాక్
కాదండీ, పొరపాటు. ఎ320 తనంతట తాను ఎప్పుడూ దిగదు. ఎత్తు కిందకి తిప్పి నాబ్ నొక్కాల్సిందే. నొక్కకపోతే క్రూయిజ్‌లోనే దాటిపోతుంది. మీరు చెప్పేది బోయింగ్ వీనావ్. ముందే ఎంసీపీలో (బోయింగ్ ఆటోపైలట్ పలకలో) తక్కువ ఎత్తు పెట్టి ఉంచితే 737 తానే దిగుతుంది. పెట్టకపోతే అదీ దిగదు, రీసెట్ ఎంసీపీ ఆల్ట్ అని సందేశం ఇచ్చి ఊరుకుంటుంది.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే. ఎ320లో డిసెంట్ మోడ్ పట్టాలంటే విమానం న్యావ్‌లో (ఫ్లైట్ ప్లాన్ దారి పట్టిన మోడ్‌లో) ఉండాలి. హెడింగ్‌లో ఉండి నొక్కితే పట్టదు, లాగి ఓపెన్ డిసెంట్ (ప్లాన్ దారి చూడకుండా దిగే మోడ్) పెట్టుకోవాలి. న్యావ్‌లో దిగుతూ మధ్యలో హెడింగ్ లాగితే డిసెంట్ పోయి వర్టికల్ స్పీడ్‌లోకి (ఒకే రేటున దిగే మోడ్‌లోకి) మారుతుంది. పై వరస చూడమన్నది అందుకే.

#16 రాత్రి_ల్యాండింగ్
అవునవును, రెండూ కలిపేశాను. థాంక్స్.

#17 ట్రిమ్‌చక్రం
ఎప్పుడు దిగాలో బుర్రలో లెక్క కూడా ఉండాలి, కంప్యూటర్ మీదే వదిలెయ్యకండి. ఎత్తు వేలల్లో తీసుకుని మూడుతో గుణించండి, అన్ని నాటికల్ మైళ్ళ ముందే దిగడం మొదలుపెట్టాలి. 35,000 అంటే 105. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది కలపండి. దిగే రేటుకి గ్రౌండ్‌స్పీడ్‌ని ఐదుతో గుణించండి. 140 నాట్లకి నిమిషానికి 700 అడుగులు, మూడు డిగ్రీల వాలు. ఇది ఏ జెట్‌కైనా ఒకటే.

#18 కొత్తరెక్క
ఆఖరి పది మైళ్ళు ఎలా సర్దుకోవాలో ఎవరైనా అంకెలతో చెబుతారా? వేగం 250 దగ్గరే ఉండిపోతోంది, తగ్గట్లేదు.

#19 మూడు_డిగ్రీలు
వేగం 250 దగ్గర ఆగిపోతే తొంభై పాళ్ళు కారణం ఒకటే: అప్రోచ్ ఫేజ్ యాక్టివేట్ కాలేదు. హెడింగ్ మీద తిరుగుతూ వచ్చినప్పుడు విమానానికి అప్రోచ్‌లో ఉన్నామని తెలియదు. రన్‌వేకి 15 మైళ్ళ దగ్గర ఎంసీడీయూలో పర్ఫ్ పేజీ తెరిచి యాక్టివేట్ అప్రోచ్ ఫేజ్, మళ్ళీ నొక్కి కన్ఫర్మ్. వెంటనే లక్ష్యవేగం గ్రీన్ డాట్‌కి (ఫ్లాపులు దించకుండా నిదానంగా ఎగిరే వేగానికి) పడుతుంది.

గ్రీన్ డాట్ ఎంతో లెక్కేసుకోవచ్చు: టన్నుల్లో బరువు రెట్టింపు చేసి 85 కలపండి. 60 టన్నులకి 205 నాట్లు. ఈ లెక్క 20,000 అడుగుల లోపే.

60 టన్నుల దగ్గర మిగతాది ఇలా నడుస్తుంది. రన్‌వే కంటే 3000 అడుగుల ఎత్తులో, దాదాపు పన్నెండు మైళ్ళ దగ్గర, ఫ్లాప్ 1. వేగం తెరమీది ఎస్ గుర్తుకి (ఫ్లాప్ 1 వేగానికి) జారుతుంది. హెడింగ్‌తో లోకలైజర్‌ని (రన్‌వే మధ్యగీతకి దారి చూపే సంకేతాన్ని) 30 డిగ్రీల కోణంలో అందుకోండి, అప్రోచ్ బటన్ నొక్కి ఉంచండి, రెండో ఆటోపైలట్ కూడా వెయ్యండి. గ్లైడ్‌స్లోప్‌ని (దిగే వాలు చూపే సంకేతాన్ని) ఎప్పుడూ కిందనుంచే పట్టాలి. 3000 అడుగులకి అది తొమ్మిదిన్నర మైళ్ళ దగ్గర కలుస్తుంది. పైనుంచి వస్తూ అందుకోవాలని చూస్తే దిగే రేటు పెరుగుతుంది, వేగం తగ్గదు, రెండూ కలిసి మెడకి చుట్టుకుంటాయి. 2000 అడుగుల దగ్గర ఫ్లాప్ 2, వెంటనే చక్రాలు, ఫ్లాప్ 3, ఫుల్. స్పాయిలర్లు (దిగాక రెక్కల మీద లేచే పలకలు) ఆర్మ్, ఆటోబ్రేక్ 'లో' (తక్కువ) మీద. 1000 అడుగులకి అన్నీ అయిపోయి, వేగం వీఆప్ (ఆఖర్న దిగే వేగం) దగ్గర, దాదాపు 135, నిలబడి ఉండాలి. నిలబడకపోతే గో-అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకెక్కడం). లీవర్లు టోగాకి తోస్తే చాలు.

ఫ్లాప్ వేగాల పరిమితులు పాత ఎ320వి: 1కి 230, 2కి 200, 3కి 185, ఫుల్‌కి 177. నియోలో కొద్దిగా తేడా ఉండొచ్చు, కాక్‌పిట్‌లో రాసి ఉన్న పట్టీ చూసుకోండి.

#20 పుష్‌బ్యాక్
వీఆప్ అసలు కనిపించకపోతే, జీరో ఫ్యూయల్ వెయిట్ (ఇంధనం లేకుండా విమానం బరువు) ఎక్కించలేదని అర్థం. ఇనిట్ పేజీలో పక్కకి బాణం నొక్కితే రెండో పేజీ వస్తుంది, బరువులు అక్కడే పెట్టాలి. ఇంజిన్లు స్టార్ట్ చేశాక ఆ పేజీ తెరుచుకోదు. అప్పుడు ఫ్యూయల్ ప్రెడ్ పేజీలో పెట్టుకోవచ్చు. సిమ్‌బ్రీఫ్ (ఫ్లైట్ ప్లాన్ వేసిచ్చే సైటు) ఖాతా ఉంటే రూటు, ఇంధనం, బరువు అన్నీ ఫ్లైప్యాడ్ లాక్కుంటుంది. ఇంధనం మాత్రం నమ్మి ఊరుకోకుండా ఒకసారి చూసుకోండి, గంటకి సుమారు రెండున్నర టన్నులు పోతుంది. రూటు లాక్కున్నాక ఫ్లైట్ ప్లాన్‌లో డిస్‌కంటిన్యుటీ గీత (దారి తెగిన చోటు) ఎక్కడైనా మిగిలిందేమో పేజీలు తిప్పి చూడండి. అక్కడికి చేరగానే న్యావ్ ఊడి విమానం నేరుగా పోతుంది.

#21 కొత్తరెక్క
ఐఎల్‌ఎస్ ఇప్పుడు బాగా కుదిరింది, 135 దగ్గర నిలబడుతోంది. మిగిలినవి రెండు. టేకాఫ్ తర్వాత పైన ఎల్‌వీఆర్ సీఎల్‌బీ అని మెరుస్తూనే ఉంది. ల్యాండింగ్‌లో రన్‌వే మీద తేలుతూ చాలా దూరం పోతోంది, చక్రాలు తగిలాక స్పాయిలర్లు లేవట్లేదు.

#22 నాబ్‌తిప్పు
రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి, లీవరు. టేకాఫ్ అయ్యాక సాధారణంగా 1500 అడుగుల దగ్గర లీవర్లు క్లైంబ్ గాడికి తెమ్మని అడుగుతుంది. మీ స్లైడర్ గీత దాటి ఉంది, లేదా గీతకి కిందే ఆగింది. ఇంకా మెరుస్తుంటే ఫ్లైప్యాడ్‌లో క్లైంబ్ వెడల్పు పెంచండి.

దిగేటప్పుడు లీవర్లు క్లైంబ్‌లోనే ఉంటాయి, ఆటోథ్రస్ట్ 135 కాస్తూ ఉంటుంది. 20 అడుగుల దగ్గర "రిటార్డ్" అని అరిచేది మీరు లీవర్లు ఐడిల్‌కి లాగాలని. లాగకపోతే ఆటోథ్రస్ట్ ఇంకా వేగం కాపాడుతూనే ఉంటుంది, అందుకే తేలుతోంది. లీవరు ఐడిల్‌లో ఉందని విమానానికి తెలియనంతకాలం స్పాయిలర్లు పూర్తిగా లేవవు. #11లో చెప్పిన సున్నాకి రాని స్లైడర్ సంగతి ఇదే.

#23 మూడు_డిగ్రీలు
ముక్కు ఎత్తడంలోనూ కొంచెం చూసుకోండి. 50 అడుగుల దగ్గర ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తడం) మోడ్ వస్తుంది, 30 దాటాక అది తనే మెల్లగా ముక్కు కిందకి వంచడం మొదలుపెడుతుంది, మీరు సెస్నాలోలా వెనక్కి లాగాలన్నట్టు. 30 అడుగుల దగ్గర రెండు డిగ్రీలు ఎత్తి, అక్కడే పట్టి ఉంచి, లీవరు లాగెయ్యండి. మెత్తగా తగలాలని ఇంకా ఇంకా లాగొద్దు. 11.7 డిగ్రీలకి తోక నేలకి తగులుతుంది, వేగం పడిపోయి తేలుతున్నప్పుడు అక్కడికి చేరడం ఎంతోసేపు పట్టదు.

#24 కొత్తరెక్క
ఐడిల్ వెడల్పు పెంచాను. స్పాయిలర్లు లేచాయి, ఆటోబ్రేక్ కూడా పట్టింది. రివర్స్ ఎప్పుడు తియ్యాలి?

#25 పుష్‌బ్యాక్
70 నాట్ల దగ్గర రివర్స్ ఐడిల్‌కి, టాక్సీ వేగానికి రాగానే పూర్తిగా మూసెయ్యండి. ఆటోబ్రేక్ తియ్యడానికి బ్రేక్ బటన్ ఒకసారి కాస్త గట్టిగా నొక్కితే చాలు. పెడల్స్ లేవు కాబట్టి రన్‌వే దిగి మలుపు తిరగడానికి స్టిక్ మెలితిప్పుడే వాడండి. ఫ్లైప్యాడ్‌లో టిల్లర్‌ని (ముక్కు చక్రం తిప్పే పట్టుని) రడ్డర్‌నుంచి విడదీసే ఐచ్ఛికం ఉంటుంది, అది ఆపి ఉంచండి. లేకపోతే మెలితిప్పినా చక్రం ఆరు డిగ్రీలకి మించి తిరగదు, మలుపు దాటిపోతారు.